సెలవు పెట్టలేని రోజున మైగ్రేన్: బడి వేళల్లో మందులు, తిండి, వెలుతురు ఎలా సర్దుకోవాలి?

తెల్లసుద్ద

హైస్కూల్లో టీచరు పని. 9 నుంచి 4.30 దాకా బడి, రోజుకు ఏడు పీరియడ్లు, ఒక్కటే ఖాళీ. రాకపోకలు స్కూటీ మీద, ఒక్కోవైపు 12 కిలోమీటర్లు. నెలకు నాలుగైదుసార్లు పార్శ్వపు నొప్పి వస్తుంది. న్యూరాలజిస్టు చూసి మైగ్రేనే అన్నారు, ఆరా (నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు, గీతలు కనబడటం లాంటివి) లేదు. బీపీ, గుండె, కిడ్నీ ఇబ్బందులేమీ లేవు. చీటీలో ఉన్నవి నొప్పికి నాప్రోక్సెన్ 500 మిల్లీగ్రాములు, వాంతికి డోంపెరిడోన్ 10. వాటికి లొంగకపోతే ట్రిప్టాన్ జాతి మైగ్రేన్ మాత్ర సుమాట్రిప్టాన్ 50.

ఏ మందో తెలుసు. దాన్ని బడి ఉన్న రోజులో ఎక్కడ ఇరికించాలో తెలియడం లేదు. పొద్దున లేచేసరికే నొప్పి ఉంటే ఏం చేయాలి, మూడో పీరియడ్లో మొదలైతే ఏం చేయాలి? మాత్ర తొందరగా వేసుకోవాలని కొందరు, వీలైనంతవరకు ఓర్చుకోవాలని కొందరు అంటారు, ఏది సరైంది? మధ్యాహ్నం ట్రిప్టాన్ వేసుకుంటే సాయంత్రం బండి నడపొచ్చా? చీకటి గదిలో పడుకోమనే సలహా మాత్రం వద్దండీ, అలాంటి గది మా బడిలో లేదు.

మందుచీటీ

ఓర్చుకోవడం తప్పు. తెల్లసుద్ద గారూ, కారణం చెబుతాను, అప్పుడు వేళలు మీకే తెలుస్తాయి.

మైగ్రేన్ ముదిరేకొద్దీ కడుపు కదలిక మందగిస్తుంది. నొప్పి మొదట్లో మింగిన మాత్ర త్వరగానే పేగులోకి జారుతుంది. మూడు గంటలు ఓర్చుకున్నాక మింగింది కడుపులోనే నానుతూ ఉండిపోతుంది. "మాత్ర వేసుకున్నా తగ్గలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కథ ఇదే: మందు చెడ్డది కాదు, చేరాల్సిన చోటికి చేరలేదు. మీ చీటీలో డోంపెరిడోన్ ఉన్నది వాంతి ఆపడానికి మాత్రమే కాదు, కడుపును కదిలించడానికి కూడా. వికారం లేదు కదా అని దాన్ని పక్కన పెట్టేయకండి.

రెండో కారణం నరాలది. దువ్వెన పెడితే నెత్తి మండటం, జడపిన్ను, కళ్ళజోడు కాడ తగిలినా సహించలేకపోవడం మొదలైందంటే నొప్పి మెదడు లోపలి దారుల్లో పాతుకుపోయిందని అర్థం. ఆ దశ దాటాక ట్రిప్టాన్ల పట్టు తగ్గుతుంది.

ఇక వేళలు. బడిలో మొదలైతే పీరియడ్ అయ్యేదాకా ఆగొద్దు. ఇది మైగ్రేనే అని తేలగానే, నొప్పి ఇంకా తేలిగ్గా ఉండగానే, డోంపెరిడోన్, నాప్రోక్సెన్ రెండూ ఒక గ్లాసు నిండా నీళ్ళతో. ఖాళీ కడుపు అయితే ముందు రెండు బిస్కెట్లో, ఒక అరటిపండో. వికారం అప్పటికే ఉంటే డోంపెరిడోన్ ముందు వేసుకుని, పావుగంట ఆగి నాప్రోక్సెన్. గడియారం చూసి టైము రాసుకోండి. రెండు గంటలయ్యాక కూడా పనికి అడ్డం పడేంత నొప్పి ఉంటే సుమాట్రిప్టాన్ 50. నాప్రోక్సెన్, సుమాట్రిప్టాన్ ఒకదానికొకటి పడనివి కావు, రెండూ కలిపిన మాత్రలే కొన్ని దేశాల్లో అమ్ముతారు. అందుకే, ఫలానా రకం నొప్పి నాప్రోక్సెన్‌కు ఎప్పుడూ లొంగదని అనుభవంలో తేలితే, రెండూ ఒకేసారి వేసుకోవచ్చా అని డాక్టరుని అడిగి పెట్టుకోండి. రెండు గంటల నిరీక్షణ తప్పుతుంది.

నిద్ర లేచేసరికే నొప్పి ఉంటే లెక్క వేరు. అది మీరు నిద్రలో ఉండగానే గంటో రెండో నడిచి వచ్చింది. దాన్ని "ఇప్పుడే మొదలైంది" అనుకుని స్నానం, టిఫిన్, పిల్లల బాక్సులు అయ్యాక చూద్దాంలే అంటే 9 గంటలకు హాజరు పిలవలేరు. లేవగానే మందు, ఆ తర్వాతే మిగతా పనులు.

కొట్లో నాప్రోక్సెన్ కొనేటప్పుడు పట్టీ వెనక చదవండి. పేగులో మాత్రమే కరిగేలా పూత వేసినవి ఉంటాయి. రోజూ కీళ్ళనొప్పులకు వాడేవాళ్ళకు అవి మంచివే గానీ, మైగ్రేన్‌కు ఆలస్యం. నాప్రోక్సెన్ సోడియం త్వరగా ఒంటబడుతుంది, దాని 550 మామూలు నాప్రోక్సెన్ 500కు సమానం. నాప్రోక్సెన్ పడిన రోజున ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కలపొద్దు, అన్నీ ఒకే జాతి, కడుపుకూ కిడ్నీలకూ రెట్టింపు దెబ్బ. పారాసిటమాల్ కలపొచ్చు. అయితే మైగ్రేన్‌కు పెద్దవాళ్ళ మోతాదు ఒకసారికి 1000 మిల్లీగ్రాములు, అంటే 500వి రెండు. అందరి ఇళ్ళలో ఉండే 650 ఒక్కటి వేసుకుని పనిచేయలేదంటే అది తక్కువ పడింది. అలాగని 650లు రెండు ఒకేసారి వేసేసుకోకండి.

వాంతి సంగతి. మింగిన పావుగంటలోపు వాంతై, అందులో మాత్ర కనబడితే అది పోయినట్టే. అరగంట దాటాక అయితే ఎంత ఒంటబట్టిందో తేల్చలేం, మళ్ళీ వేసుకోవద్దు. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే ముక్కులో కొట్టే సుమాట్రిప్టాన్ స్ప్రే గురించి అడగండి. నోట్లో కరిగే రైజాట్రిప్టాన్ దీనికి జవాబు కాదు. అది కరిగేది నాలుక మీదే అయినా పీల్చుకునేది పేగే. నీళ్ళు దొరకని చోట వీలుగా ఉంటుంది, అంతే.

కిటికీపక్క

మందు పనిచేయడానికి పట్టే ఆ గంటన్నర, రెండు గంటలు తరగతిలో ఎలా గడపాలో చెబుతాను.

ఆ రోజు పాఠాల వరుస మార్చండి. బోర్డు పని, ప్రయోగాలు, పద్యం పాడించడం వెనక్కి; మౌన పఠనం, నోట్సు రాయించడం, చిన్న పరీక్ష ముందుకి. ఇందుకోసం ఒక్కో తరగతికీ ఒక్కో రాతపని కాగితం ముందే సిద్ధం చేసి బీరువాలో పెట్టుకుంటే, నొప్పి ఉన్నప్పుడు ఏం రాయించాలా అని ఆలోచించే పని ఉండదు. మైగ్రేన్‌లో మొదట పోయేది ఆ ఆలోచనే.

కిటికీకి వీపు పెట్టి నిలబడండి. వెలుతురు బోర్డు మీద పడి కళ్ళలోకి కొడుతుంటే బోర్డు వైపు కిటికీ రెక్క ఒక్కటి మూసినా చాలు, గదంతా చీకటి చేయక్కర్లేదు. ట్యూబ్‌లైట్ల గురించి ఒక మాట. పాత ఇనుప చోక్ ఉన్న ట్యూబ్‌లైటు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు, కొందరి తలకు తెలుస్తుంది. ఫోను కెమెరా తెరిచి లైటు వైపు పెట్టి చూడండి. తెర మీద నల్లటి పట్టీలు పాకుతుంటే ఆ లైటు మిణుకుతున్నట్టే. ఎలక్ట్రానిక్ చోక్‌కు ఈ జబ్బు ఉండదు. నాసిరకం ఎల్ఈడీలకు ఉంటుంది. మీ తల మీద ఉన్న ఆ ఒక్క లైటు మార్పించమని హెడ్‌మాస్టరుని అడగడం పెద్ద కోరికేం కాదు.

నల్లకళ్ళద్దాలు ఎండలోకి మాత్రమే. గదిలో రోజంతా పెట్టుకుంటే కళ్ళు చీకటికి అలవాటుపడి, తీసినప్పుడు మామూలు వెలుతురు కూడా పొడుస్తుంది. ప్రార్థన వేళ ఎండలో నిలబడాల్సి వస్తే ముందే చెప్పి చెట్టు నీడకో వరండాలోకో మారండి.

మధ్యాహ్న భోజనం వండే షెడ్డు పక్క గదిలో మీ పీరియడ్ ఉంటే, పోపు ఘాటు వచ్చే వేళకు తరగతిని చెట్టు కిందికి తీసుకెళ్ళడమో, సహోద్యోగితో గది మార్చుకోవడమో చేయండి. వాసన తలుపు మూస్తే ఆగదు.

ఖాళీ పీరియడ్‌ను పేపర్లు దిద్దడానికి వాడొద్దు. జేబురుమాలు కుండనీళ్ళలో తడిపి పిండి మెడ వెనక వేసుకుని, కుర్చీలోనే తల వెనక్కి ఆనించి, చున్నీతోనో కొంగుతోనో కళ్ళు కప్పుకుని 20 నిమిషాలు. అలారం తప్పనిసరి. ఐస్ దొరికితే గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు, నేరుగా చర్మం మీద వద్దు.

బండి విషయం. హెల్మెట్ తీశాక పది నిమిషాలైనా నుదుటి మీద ఎర్రటి గీత పోకపోతే అది బిగుతు. కణతల మీద ఆ ఒత్తిడి ఒక్కటే తలనొప్పి తెప్పించగలదు, మైగ్రేన్ ఉన్నవాళ్ళకైతే అదే అగ్గిపుల్ల. లోపలి దిండ్లు మార్చండి లేదా ఒక సైజు పెద్దది కొనండి, అంతేగానీ హెల్మెట్ మానేయకండి. గట్టిగా బిగించిన జడ, ముడి మీద హెల్మెట్ ఇంకా చెడ్డది. సుమాట్రిప్టాన్ కొందరికి మగతనూ తల తిప్పడాన్నీ తెస్తుంది. అందుకే మొదటిసారి దాన్ని బడిలో కాకుండా ఇంట్లో ఉన్న రోజున వేసుకుని చూడండి. మీ ఒంటికి మగత రాదని తేలితే, వేసుకున్న రెండు గంటల తర్వాత నొప్పి కూడా తగ్గితే బండి నడపొచ్చు. నొప్పి ఉండి, ఎదుటి వెలుతురుకు కళ్ళు మూసుకోవాలనిపిస్తే బండి బడిలోనే వదిలి బస్సెక్కండి. సాయంత్రం 4.30కు పడమటికి నడిపేవాళ్ళకు సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు, ఇది మరిచిపోతుంటారు.

మజ్జిగచెంబు

తిండి గురించి ఇంటర్నెట్లో దొరికే జాబితాల్లో మొదట చీజ్, రెడ్ వైన్ ఉంటాయి. మన ఇళ్ళలో దోషి వేరే: పొద్దున 6కు కాఫీ, ఆ తర్వాత 12.30 దాకా ఏమీ లేదు. ఏం తిన్నామన్న దానికన్నా ఎప్పుడు తినలేదన్నది ముఖ్యం.

బడి ఉన్న రోజుకు సరిపోయే లెక్క: బయల్దేరేముందు రెండు ఇడ్లీలో, ఒక పెసరట్టో కచ్చితంగా. 11 ప్రాంతంలో గుప్పెడు వేరుశెనగపప్పు, అరటిపండు. 1 గంటకు భోజనం. 4 గంటలకు ఏదో ఒకటి. నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. నొప్పి ఉన్న రోజున పెరుగన్నం, మరమరాలు, పెరుగులో నానబెట్టిన అటుకులు లాంటివి తేలిగ్గా దిగుతాయి. వేపుళ్ళు, నూనె ఎక్కువున్నవి వద్దు, అసలే కదలని కడుపును ఇంకా ఆపుతాయి. అల్లం టీ వికారానికి సాయం చేస్తుంది, తాగండి, కానీ మాత్రకు బదులుగా కాదు.

నీళ్ళు. బాత్రూములు బాగుండవని టీచర్లు పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు తాగకుండా ఉండటం అందరికీ తెలిసిన సంగతే, పైకి ఎవరూ అనరు. లీటరు సీసా మీద పెన్నుతో రెండు గీతలు పెట్టుకోండి, 11కు మొదటి గీత, 1 గంటకు రెండో గీత, ఇంటికి బయల్దేరేసరికి ఖాళీ. వాంతులైతే మామూలు నీళ్ళు చాలవు, ఓఆర్‌ఎస్ కావాలి. పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, సగం ప్యాకెట్ గ్లాసులో కలిపి తాగకూడదు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ స్పూను. ఉప్పేసిన పలచటి మజ్జిగ కూడా సరే.

కాఫీ రెండంచుల కత్తి. మాత్రతో పాటు ఒక కప్పు స్ట్రాంగ్ కాఫీ మందు పనితనాన్ని కొంచెం పెంచుతుంది. కానీ రోజుకు మూడు నాలుగు కప్పులు తాగేవాళ్ళకు ఆదివారం లేటుగా లేచి కాఫీ ఆలస్యమైతే ఆ లోటుకే తలనొప్పి వస్తుంది. రోజుకు రెండు కప్పులు, అవీ ఒకే వేళల్లో, మధ్యాహ్నం మూడు గంటలు దాటాక వద్దు. మానాలనుకుంటే వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించండి, ఒక్కసారిగా ఆపితే నొప్పి తెచ్చుకున్నట్టే.

చాక్లెట్ మీద నింద కూడా సగం అబద్ధం. నొప్పికి ముందురోజే మైగ్రేన్ మొదలవుతుంది: ఆవులింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి మీదికి మనసు పోవడం. ఆ తీపి కోరికతోనే చాక్లెట్ తింటారు, తర్వాత వచ్చిన నొప్పికి చాక్లెట్‌ను తిడతారు. ఈ గుర్తులు కనబడినప్పుడు మాత్ర అక్కర్లేదు. ఆ రాత్రి వేళకు తిని, వేళకు పడుకోండి. మరునాటి రాతపని కాగితాలు సంచిలో పెట్టుకోండి.

తలంటు మైగ్రేన్‌ను రేపుతుందన్నది పెద్దవాళ్ళ మాటే కాదు, మన దేశపు న్యూరాలజిస్టులు రోగుల్లో గమనించి పత్రికల్లో రాసిన సంగతి. శుక్రవారం పొద్దున హడావిడిగా తల తడిపి, ఆరకుండానే జడ బిగించి, పైన హెల్మెట్ పెట్టడం మూడు తప్పులు ఒకేచోట. ముందురోజు సాయంత్రమో, సెలవు రోజో గోరువెచ్చని నీళ్ళతో చేసి, పూర్తిగా ఆరాకే ముడి వేయండి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉండేవాళ్ళు నిర్జలం మాని పాలూ పండ్లూ మూడు గంటలకోసారి తీసుకునే పద్ధతి ఎంచుకోవచ్చు. రోజా ఉండేవాళ్ళు రంజాన్‌కు రెండు వారాల ముందే కాఫీ, టీ తగ్గించుకుంటూ రావాలి, మొదటి రెండు మూడు రోజుల తలనొప్పిలో చాలా భాగం ఆ లోటుదే.

తెల్లసుద్ద

చాలా థాంక్సండీ. ఇంకో రెండు. నొప్పికి ముందు మెడ పట్టేస్తుంది కాబట్టి స్పాండిలైటిస్ (మెడ ఎముకల అరుగుదల) అని ఒకరు, ముక్కు దిబ్బడేసి కన్ను నీరు కారుతుంది కాబట్టి సైనస్ అని ఇంకొకరు, వాంతయ్యాక తగ్గుతుంది కాబట్టి పైత్యం అని ఇంట్లోవాళ్ళు. ఇవన్నీ వేరే జబ్బులా? తొందరగా వేసుకోమంటున్నారు సరే, అది మైగ్రేన్ కాకుండా మామూలు తలనొప్పి అయితే మాత్ర వృథాయే కదా?

లెక్కలపుస్తకం

మీ రెండో ప్రశ్నే ఈ థ్రెడ్ మొత్తంలో ముఖ్యమైంది. మందుచీటీ గారు చెప్పింది నిజమే, కానీ సగమే. తొందరగా వేసుకోవాలి అన్న మాటను పట్టుకుని చిన్న నొప్పికల్లా మాత్ర మింగేవాళ్ళకు కొన్ని నెలల్లో రోజూ తలనొప్పి వచ్చే స్థితి రావచ్చు. అది మందుల వల్ల వచ్చే తలనొప్పి, మందు వేసుకుంటే కాసేపు తగ్గి మళ్ళీ మందు అడుగుతుంది.

హద్దులు ఇవి. పారాసిటమాల్, నాప్రోక్సెన్ లాంటి విడి మందులు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గోటమైన్ అనే పాత మైగ్రేన్ మందు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలకు 10 రోజులు. మూడు నెలలకు మించి ఈ గీత దాటితే ముప్పు. లెక్క మాత్రలది కాదు, రోజులది. ఒకే రోజు మూడు వేసుకున్నా ఒక్క రోజే, మూడు రోజుల్లో ఒక్కొక్కటి వేసుకుంటే మూడు రోజులు. గుర్తుంచుకోవడానికి తేలిక మార్గం: ఏ నొప్పి మాత్ర అయినా సరే, నడుం నొప్పికి వేసుకున్నదైనా సరే, వారానికి రెండు రోజులు మించొద్దు.

నెలకు నాలుగైదుసార్లు అన్నారు. అవి రోజులా, విడతలా? ఒక్కో విడత రెండు రోజులు సాగితే పది రోజులైనట్టే, మీరు గీత మీద నిలబడి ఉన్నారు. నెలకు నాలుగు రోజులు దాటి పనికి అడ్డం పడుతున్నప్పుడు నివారణ మందు (నొప్పి అసలు రాకుండా రోజూ వేసుకునేది) గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే. సాధారణంగా రాసేవాటిలో ఫ్లూనరిజైన్ రాత్రిపూట మాత్ర, మగత, బరువు పెరగడం, దిగులు దాని ఇబ్బందులు. ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకు పనికిరాదు. అది వాడుతుంటే రైజాట్రిప్టాన్ 10 కాదు, 5 మాత్రమే. టోపిరమేట్ వేళ్ళలో తిమ్మిర్లు తెస్తుంది, మాటలు వెతుక్కునేలా చేస్తుంది, పాఠం చెప్పేవాళ్ళకు అది చిన్న విషయం కాదు, ముందే చెప్పండి. అమిట్రిప్టిలిన్ 10 పడుకునే ముందు కాకుండా రాత్రి 8 గంటలకే వేసుకుంటే పొద్దున మత్తు తగ్గుతుంది. ఏదైనా సరిపడా మోతాదులో రెండు నెలలు వాడాకే పనిచేసిందో లేదో చెప్పగలం. పది రోజులు వాడి ఆపేసి, కొట్లోంచి మళ్ళీ నాలుగు నొప్పి మాత్రలు తెచ్చుకోవడం మన దగ్గర మామూలు.

చీటీ లేకుండా చేతికి దొరికే ఎర్గోటమైన్ కలిపిన మాత్రల మీద నాకు చిరాకు. ఎర్గోటమైన్, కెఫీన్, పారాసిటమాల్, వాంతి మందు, నాలుగూ ఒకే మాత్రలో. పనిచేస్తాయి, అదే గొడవ. రోజూ తలనొప్పిలోకి ఇవి త్వరగా దింపుతాయి. ఎర్గోటమైన్ వేసుకున్న 24 గంటల్లో ట్రిప్టాన్ ముట్టుకోకూడదు. గొంతునొప్పికి క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వాడుతున్నప్పుడు ఎర్గోటమైన్ తీసుకుంటే కాళ్ళూ చేతుల రక్తనాళాలు ముడుచుకుపోయే ప్రమాదం ఉంది.

ఇక మైగ్రేనా, మామూలా అని తేల్చే పరీక్ష. స్టాఫ్‌రూమ్ మెట్లు ఒకసారి ఎక్కి దిగండి. నొప్పి తపతపా కొట్టుకుంటూ పెరిగితే, వెలుతురు గానీ వికారం గానీ తోడైతే మైగ్రేన్, మాత్ర వేసుకోండి. తల చుట్టూ పట్టీ కట్టినట్టు రెండు వైపులా బిగుతు, మెట్లెక్కినా తేడా లేదు, ఆకలిగానే ఉంది అంటే తిండి, నీళ్ళు, పావుగంట కళ్ళు మూసుకోవడం. మాత్ర వద్దు.

డైరీకి యాప్‌లు అక్కర్లేదు, గోడ క్యాలెండర్ చాలు. నొప్పి ఉన్న రోజు చుట్టూ సున్నా, మందు వేసుకుంటే లోపల దాని మొదటి అక్షరం, వేసుకున్న రెండు గంటల్లో తగ్గితే టిక్కు. నెలసరి రోజులకు కింద గీత. గీతకు రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకానే సున్నాలు గుంపుగా పడుతుంటే దానికి వేరే పద్ధతి ఉంది, ఆ కొద్ది రోజులే నాప్రోక్సెన్ వేళకు వాడటం లాంటిది. క్యాలెండర్ ఫొటో తీసి డాక్టరుకి చూపిస్తే చాలు.

మందుచీటీ

లెక్కలపుస్తకం గారి సవరణ ఒప్పుకుంటున్నాను. మెట్ల పరీక్ష నేనే ముందు చెప్పాల్సింది.

మెడ, సైనస్, పైత్యం: మూడూ మైగ్రేన్‌లో భాగాలే కావచ్చు. మెడ పట్టేయడం చాలామందికి తొలి గుర్తు. ముక్కు దిబ్బడ, కన్నీరు కూడా మైగ్రేన్ నొప్పిని మోసే ముఖంలోని నరం ద్వారానే వస్తాయి. నిజమైన సైనస్ అయితే జ్వరం, చిక్కటి పసుపు చీమిడి, వాసన తెలియకపోవడం లాంటివి ఉంటాయి, గంటల్లో తగ్గదు. పైత్యం అన్న మాట వెనక ఉన్న పరిశీలన తప్పు కాదు, వాంతయ్యాక కొందరికి తగ్గుతుంది. కానీ వాంతి నొప్పి తెచ్చినది, నొప్పికి కారణం కాదు. గొంతులో వేలు పెట్టి కక్కితే మీరు మింగిన మాత్ర కూడా పోతుంది.

సుమాట్రిప్టాన్ మీద నాలుగు ముక్కలు. వేసుకున్నాక ఛాతీ, మెడ, దవడ బరువుగా, బిగుతుగా అనిపించవచ్చు. సాధారణంగా కాసేపట్లో పోతుంది, ముందే తెలిస్తే భయపడరు. పోకపోయినా, ఎడమ చేతిలోకి పాకినా, చెమటలు పట్టినా మాత్రం ఆసుపత్రికి వెళ్ళాలి. తగ్గి మళ్ళీ తిరగబెడితే రెండు గంటల ఎడం తర్వాత రెండోది వేసుకోవచ్చు, 24 గంటల్లో 200 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటిది అసలు పనిచేయకపోతే అదే విడతకు రెండోది వృథా. ఒక్కసారి పనిచేయలేదని వదిలేయొద్దు, మూడు విడతల్లో తొలిదశలోనే వేసి చూశాకే తీర్పు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు దీన్ని తాకకూడదు.

చదివే మిగతావాళ్ళ కోసం: గర్భం ఉన్నా, ప్రయత్నంలో ఉన్నా పైన రాసిన మందులేవీ డాక్టరుని అడగకుండా వాడొద్దు. ఆరా ఉండే మైగ్రేన్‌లో ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు పక్షవాతం ముప్పు పెంచుతాయి, ఆ సంగతి గైనకాలజిస్టుకి చెప్పండి. జ్వరం డెంగీ కావచ్చన్న అనుమానం ఉంటే నాప్రోక్సెన్ వద్దు, పారాసిటమాలే.

ఇది మైగ్రేన్‌లే అని సరిపెట్టుకోకూడనివి: నిమిషంలోపు పిడుగు పడ్డట్టు తారస్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో మెడ వంగకపోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, తలకు దెబ్బ తగిలాక వచ్చింది, 50 దాటాక తొలిసారి వచ్చింది. మొదటి నాలుగింటికి 108.

కిటికీపక్క

సాయంత్రం సంగతి ఎవరూ రాయలేదు. నొప్పి తగ్గాక మరో రోజంతా తల బొప్పాయిలా మెత్తగా, మాట మందంగా ఉంటుంది, అది మైగ్రేన్ తోకే. ఆ సాయంత్రం మార్కులు కూడటం, రిజిస్టర్లు పూర్తిచేయడం పెట్టుకోకండి, కూడికలు తప్పుతాయి. ఇంటికెళ్ళగానే మూడు గంటలు పడుకుంటే రాత్రి నిద్ర చెడి మర్నాడు మళ్ళీ మొదలు. అరగంట చాలు. ఆదివారం కూడా లేచే వేళ గంటకన్నా ఎక్కువ జరపొద్దు.

బామ్ గురించి. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచీ తలనొప్పి అంటే మన చెయ్యి ఆ డబ్బా మీదికే పోతుంది. మెంథాల్ చల్లదనం కొందరికి నిజంగా హాయి. ఘాటు వాసనే రేపేవాళ్ళకు మాత్రం ఎదురు తిరుగుతుంది, మొదట మెడ వెనక కొంచెం రాసి చూడండి, నుదుటికి తర్వాత.

తెల్లసుద్ద

విడతకు ఒకటిన్నర రోజు పడుతుంది, అంటే మందు రోజులు ఏడెనిమిది. నివారణ మందు అడుగుతాను. మాత్రలు స్కూటీ డిక్కీలో ఉంచుతున్నాను, ఎప్పుడూ దగ్గరుంటాయని. పర్లేదా?

మందుచీటీ

వద్దు. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీ పొయ్యిలా కాగుతుంది, పట్టీ మీద 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది చూడండి. స్టాఫ్‌రూమ్ బ్యాగులో పెట్టినా మూడో పీరియడ్లో అందదు, బల్ల సొరుగులో పెడితే పిల్లల చేతికి చిక్కుతుంది. జిప్పున్న చిన్న పర్సులో ఒక విడతకు సరిపడా మాత్రమే, అంటే నాప్రోక్సెన్ ఒకటి, డోంపెరిడోన్ ఒకటి, సుమాట్రిప్టాన్ ఒకటి, పట్టీ నుంచి విప్పకుండా గడువు తేదీ కనబడేలా కత్తిరించి, ఒంటి మీదే ఉంచుకోండి. మిగతావి ఇంట్లో చల్లటి చోట.